రంగూన్ సార్ వేసిన అనంతపురం

అనంతపురం పాత ఊళ్లో 1970లలో పెరిగినవాళ్లకు ‘రంగూన్ సార్’ అంటే చాలు, ఇంకో గుర్తు చెప్పాల్సిన పనిలేదు. అసలు పేరు స్కూలు రిజిస్టర్లో ఉండేది, రేషన్ కార్డులో ఉండేది, జనం నోట్లో మాత్రం ఉండేది కాదు. మా నాన్న ఫొటో స్టూడియో బోర్డు రాసింది ఆయనే. కిరాణా కొట్ల బోర్డులు, నూనె మిల్లుల డబ్బాల మీది లేబుళ్లు, సినిమాహాల్లో ఇంటర్వెల్ అప్పుడు వేసే గాజు స్లైడ్లు, ఇలా ఊళ్లో చాలావరకు ఆయన చేతి రాతే కనపడేది. ఇవన్నీ పొట్టకూటి పనులు. ఆయన అసలు పని నీటిరంగుల బొమ్మలు. వాటి గురించి రాయాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నాను. ఆ బొమ్మలు వేస్తుంటే పక్కన కూర్చుని చూసినవాళ్లం ఇప్పుడు కొద్దిమందిమే మిగిలాం.

ఆయన పుట్టింది రంగూన్‌లో. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఓడెక్కి వెళ్లి అక్కడి రేవులో మూటలు మోసినవాడు. ఆ రోజుల్లో అదేమీ వింత కాదు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా మనదేశం వాళ్లే. ఇంట్లో తెలుగు, వీధిలో బర్మా భాష, బజార్లో హిందుస్తానీ మాట్లాడుతూ పెరిగానని చెప్పేవారు. ఆ ఇంటి తెలుగు శ్రీకాకుళం యాసలోనే ఉండిపోయింది. ‘బేగి రా’, ‘ఒగ్గేయ్’, ‘ఏటమ్మా’ అంటుంటే మేం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. చెనిక్కాయలు, బొరుగులు అనే మా మాటలు ఆయనకూ అంతే కొత్త.

బర్మాలో నీటిరంగులకు గొప్ప పేరుంది. అక్కడి ఇంగ్లీషు ఉద్యోగులు పెట్టుకున్న బర్మా ఆర్ట్ క్లబ్‌లో మొదలై, ఆ విద్య స్థానిక కుర్రాళ్ల చేతికొచ్చింది. వాళ్లలో బా న్యాన్ అనే ఆయన 1921లో లండన్ వెళ్లి రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకుని వచ్చాడు. బర్మా చిత్రకారులకు ఇప్పటికీ ఆయనే పెద్ద గురువు. 1945లో పోయాడు. సార్ ఆయన్ని దూరం నుంచి చూశారంతే. ఆయన శిష్యుడొకాయన దగ్గర మాత్రం రెండు మూడేళ్లు రంగులు కలిపి, కుంచెలు కడిగి నేర్చుకున్నారు. పగలు ఒక గుజరాతీ సేటు గారి సైన్‌బోర్డుల దుకాణంలో పని, సెలవు దొరికితే నది ఒడ్డున బొమ్మలు. వానలో ష్వేడగాన్ పగోడా, బురదలో ఆగిపోయిన రిక్షాలు, పొగమంచులో పడవలు. వానాకాలం బొమ్మలే ఎక్కువ వేశానని అనేవారు. రంగూన్‌లో ఏడాదికి దాదాపు 2,700 మిల్లీమీటర్ల వాన పడుతుంది మరి.

1962 మార్చిలో అక్కడ సైన్యం గద్దెనెక్కింది. తర్వాత రెండేళ్లలో బ్యాంకులు, దుకాణాలు అన్నీ ప్రభుత్వం తీసేసుకుంది. 1964 మేలో 50, 100 క్యాట్ నోట్లు చెల్లవని ప్రకటించారు. సేటు దుకాణం పోయింది, సార్ దాచుకున్న నాలుగు డబ్బులూ పోయాయి. లక్షల మంది మనవాళ్లు కట్టుబట్టలతో ఓడలెక్కిన రోజులవి. రేవులో సామాన్లన్నీ విప్పి చూశారట. ఆయన భార్య గాజులు అక్కడే తీయించుకున్నారు. రంగుల పెట్టె మూత తెరిచి చూసి, పిల్లల ఆటవస్తువనుకున్నారో ఏమో, మళ్లీ మూసి ఇచ్చేశారు.

ఓడ విశాఖపట్నంలో దించింది. కొన్నాళ్లు కాందిశీకుల శిబిరంలో ఉండి, రైల్వేలో పనిచేసే బావమరిదిని వెతుక్కుంటూ గుంతకల్లు వచ్చారు. అక్కడ కొన్నాళ్లు బోర్డులు రాసి, తర్వాత అనంతపురం చేరారు. సర్కారు స్కూల్లో డ్రాయింగ్ మాస్టరు పోస్టుకు వెళితే ఇక్కడి లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలు పాసైన కాగితం కావాలన్నారు. నలభై దాటిన మనిషి పద్నాలుగేళ్ల పిల్లల పక్కన కూర్చుని కూజా బొమ్మ వేసి ఆ పరీక్ష పాసయ్యారు. అప్పుడు వయసు మించిందన్నారు. చివరికి ఒక ప్రైవేటు స్కూల్లో, చేతికందితే అందినట్టు ఇచ్చే జీతానికి కుదిరారు. ఈ సంగతి ఆయన ఎప్పుడు చెప్పినా మామూలుగానే చెప్పేవారు. నాకు మాత్రం ఇప్పుడు తలుచుకున్నా కోపం వస్తుంది.

బతకడానికి వచ్చినవాళ్లను మా ఊరు పొమ్మన్నట్టు నాకు గుర్తులేదు. స్పెయిన్ నుంచి వచ్చి పేదల కోసం పనిచేసిన ఫాదర్ ఫెర్రర్‌ను మహారాష్ట్ర కాదన్నాక 1969లో వచ్చి స్థిరపడింది అనంతపురంలోనే. అంత పెద్ద మనిషితో పోలిక అని కాదు గానీ, సార్‌కి ఇల్లు అద్దెకిచ్చిన అవ్వ మొదటి ఏడాది బాడుగ అడగలేదని మా నాన్న చెప్పేవాడు. బదులుగా ఆయన ఆమె ఇంటి గోడకు జాజు, సున్నంతో పట్టెలు వేసి, తలుపు పైన రెండు చిలకలు వేశారు.

ఇక అసలు సంగతికి వస్తాను.

నీటిరంగుల్లో పనంతా కాగితం తడిగా ఉన్నంతసేపే. తడి మీద రంగు పెడితే అది తనంతట తాను పాకుతుంది, పక్క రంగులో కలుస్తుంది, అంచు లేకుండా కరిగిపోతుంది. మబ్బులూ మంచూ దూరపు చెట్లూ అన్నీ అలా వచ్చేవే. రంగూన్ గాలిలో కాగితం అరగంటైనా తడి ఆరదట. అనంతపురంలో ఏడాదికి పడే వానే 550 మిల్లీమీటర్లు. ఏప్రిల్‌లో ఇక్కడ కుంచె పెట్టి తీసేలోపు కాగితం ఆరిపోతుంది. ఆకాశానికి నీలం పూస్తూ కాగితం కుడిపక్కకు వచ్చేసరికి ఎడమపక్క గట్టిపడి గీత కట్టేది. ఇరవై ఏళ్లు సాధన చేసిన చెయ్యి ఇక్కడ పనికిరాకుండా పోయిందని, మొదటి రెండు వేసవులు ఒక్క బొమ్మా కుదరలేదని సార్ చెప్పేవారు. కాగితాన్ని బకెట్లో నానబెట్టి రెండువైపులా తడిపి గాజుపలక మీద పరిచి చూశారు. కిటికీకి తడి గోనెపట్టా కట్టి చూశారు. నీళ్లలో రెండు చుక్కలు గ్లిజరిన్ వేశారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఎండ ఎక్కకముందే ముగించేవారు. అన్నీ కొంత పనిచేశాయి, ఏదీ పూర్తిగా పనిచేయలేదు.

దారి దొరికింది పెనుకొండ దగ్గరట. బస్సు చెడిపోయి రోడ్డు పక్కన కూర్చున్నప్పుడు ఎదురుగా గుట్ట మీద గుండ్లు చూశారు. మా జిల్లా గుట్టలు చూసినవాళ్లకు తెలుసు, మట్టి తక్కువ, రాయి ఎక్కువ. ఎండలో ఒక్కో గుండుకూ ఒక వైపు తెల్లగా మెరుపు, ఇంకో వైపు నీడ, రెంటి మధ్య కత్తితో కోసినట్టు అంచు. ఆయన్ని రెండేళ్లు ఏడిపించిన ఆరిపోయే గీత అదే కదా. అంచు రాకూడదని అన్నాళ్లూ తన్నుకులాడిన మనిషి ఆ రోజు నుంచి అంచును రానిచ్చారు. ఒక పలుచని పూత, అది ఆరగానే దాని మీద ఇంకొకటి, అదీ ఆరగానే మూడోది. మా ఎండ ఆయనకు కూలి అడగని పనివాడైంది. రంగూన్‌లో అయితే ఒక్కో పూత ఆరడానికి గంట కాచుకోవాలి, ఇక్కడ ఒక పూటలో గుట్టంతా వచ్చేది. ఎండవైపు రాతికి ఆయన అసలు రంగే వేసేవారు కాదు. అది ఉట్టి కాగితమే. మేం తెల్లరంగు ట్యూబు చేతిలోకి తీసుకుంటే చాలు, ‘ఒగ్గేయ్ అమ్మా, తెలుపు కాయితంలోనే ఉన్నాది’ అనేవారు.

పెనుకొండ, గుత్తి కోట, సింగనమల దారిలో దున్ని వదిలేసిన ఎర్రచేలు, చెనిక్కాయ చెట్లు పీకి కుప్పలేసిన కళ్లాలు, ఎండిన చెరువులో నెర్రెల మధ్య మేసే గొర్రెలు, ఇవీ ఆ తర్వాత ఆయన వేసినవి. అప్పటిదాకా మా ఊళ్లో గోడ మీద బొమ్మ అంటే కొబ్బరిచెట్లు, కాలవ, పడవ. క్యాలెండర్లలో వచ్చేవి అవే. మా గుట్టల్ని ఎవరైనా బొమ్మగా వేస్తారని, వేస్తే అంత బాగుంటాయని మాకెవరికీ తోచలేదు. నేను ఈ పోస్టు రాస్తున్నది ముఖ్యంగా ఈ ఒక్క మాట చెప్పడానికే. కరువు ఊరు, ఎండల ఊరు అని మేమే చిన్నచూపు చూసుకునే ఊరిని, నీళ్ల దేశం నుంచి వచ్చిన మనిషి కళ్లారా చూసి కాగితం మీద పెట్టాడు.

ఒక ఏడాది చెరువు నిండి మరవ పారింది. ఊరు ఊరంతా బుక్కరాయసముద్రం కట్ట మీదికి చేరింది. కట్ట దేవత ముసలమ్మకు టెంకాయలు కొట్టేవాళ్లు కొడుతున్నారు. సార్ కూడా అట్ట, కాగితం పట్టుకుని వచ్చారు. నీళ్లు వేస్తారనుకున్నాం, నీళ్లంటే ఆయనకు తెలిసినంత మాకెవరికి తెలుసు! ఆయన వేసింది మాత్రం మమ్మల్ని. కట్ట మీద వరుసగా నిలబడి చెరువు వైపు చూస్తున్న జనం వీపులు, చంకల్లో పిల్లలు, తలపాగాలు, ఒక ముసలాయన ఎత్తిన చెయ్యి. వాళ్ల ముందు చెరువంతా ఖాళీ కాగితం, ఒక్క చుక్క రంగు లేదు. అయినా చూసినవాళ్లంతా ‘అబ్బ, ఎంత నీళ్లప్పా’ అన్నారు.

రంగులు కొనడం ఆయనకు తలకుమించిన ఖర్చు. క్యామెల్ ట్యూబులు నీలాలకూ పసుపుకూ మాత్రం కొనేవారు. ఎరుపులు సొంతంగా చేసుకునేవారు. ఆ పని నాకు బాగా తెలుసు, సెలవుల్లో చాకిరీ నాదే. చేలో ఎర్రమన్ను తెచ్చి బిందెలో కలిపి ఒక నిమిషం ఆగాలి. ఇసుక అడుక్కు దిగుతుంది. పైన ఎర్రనీళ్లు ఇంకో గిన్నెలోకి వంపి మళ్లీ ఆగాలి. ఇలా మూడు నాలుగు గిన్నెలు మారాక, ఆఖరి గిన్నెలో రాత్రంతా తేరిన మన్ను వేలి మధ్య రుద్దితే గరుకన్నదే తెలియదు, వెన్నలా ఉంటుంది. దాన్ని నీడలో ఆరబెట్టి, ముందురోజు నానేసి గుడ్డలో వడకట్టిన తుమ్మబంకతో గాజు మీద నూరాలి. ఆరితే పగలకుండా నాలుగు చుక్కలు తేనె, బూజు పట్టకుండా ఒక లవంగం. నలుపుకు ఆముదం దీపం మసి. నూరిన రంగును గవ్వల్లో, సోడా మూతల్లో నింపి ఆరబెట్టి, ఏ ఊరి మన్నో చీటీ అంటించేవారు, బర్మా అక్షరాల్లో. గుండ్రంగా మన అక్షరాల లాగే కనిపించేవి, చదవబోతే ఒక్కటీ వచ్చేది కాదు.

సాయంత్రాలు మా స్టూడియోలో ఫొటోలకు రంగులేసేవారు. మా ఊరికి ఇంకా కలర్ ఫిల్ము రాని కాలం. పెళ్లిఫొటో నలుపు తెలుపులో ప్రింటు వేశాక, దాన్ని కొంచెం తడిపి, దూదితో, సన్న కుంచెతో పలుచని రంగులు అద్దాలి. ఒకసారి ఇంకిందంటే తుడిచినా పోదు, అందుకని ఊపిరి బిగబట్టి పనిచేసేవారు. పెళ్లికూతురి చీర అంచుకు కుంచెలో ఒక్క వెంట్రుక మొనతో పసుపు లాగడం చూస్తుంటే మా నాన్న కూడా మాట్లాడేవాడు కాదు. వచ్చినవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఒకటే, ‘సార్, మా పాపను రవ్వంత తెల్లగా చేయండి’ అని. ఆయన చేసేవారు కాదు. చామనఛాయకు చామనఛాయ రంగే వేసేవారు, దాన్లోనే ఆ పిల్ల వెలిగిపోయేలా. గిరాకీ పోతుందని నాన్నకు ఒకటే టెన్షన్. ‘ఏం సార్, అడిగింది చేస్తే ఏం పోతాది’ అనేవాడు. ‘రేపు ఆ గుంట తన ఫొటో తాను సూసుకోవాల కదా బాబూ’ అనేవారు సార్. గిరాకీ ఏమీ పోలేదు.

ఆయన గదిలో గోడకు ఒక పత్రిక కత్తిరింపు ఉండేది, లైఫ్ పత్రికలో 1955లో వచ్చినది. డాంగ్ కింగ్‌మన్ అనే చైనా సంతతి అమెరికా చిత్రకారుడు అక్కడి ప్రభుత్వం తరఫున దేశాలు తిరిగి, నివేదికను మాటల్లో కాకుండా 40 అడుగుల కాగితపు చుట్ట మీద నీటిరంగుల్లో వేసిచ్చాడు. ఆ చుట్టలో కొన్ని ముక్కలు అవి. ఆ మనిషిది కూడా ఊళ్లు మారిన బతుకే. 1911లో ఓక్లండ్‌లో పుట్టి, ఐదేళ్లప్పుడు హాంకాంగ్ వెళ్లి, అక్కడ పారిస్‌లో చదువుకొచ్చిన గురువు దగ్గర చైనా పద్ధతీ యూరప్ పద్ధతీ రెండూ నేర్చుకున్నాడు. 18 ఏళ్లకు అమెరికా తిరిగొచ్చి ఒకరింట్లో పనివాడిగా ఉంటూ బొమ్మలు వేశాడు. 1936లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వేసిన ప్రదర్శనతో పేరొచ్చింది. సార్ ఆ కత్తిరింపును రంగుల పెట్టె అడుగున దాచి ఓడలో తెచ్చుకున్నారు. ‘ఇతగాడు గిన్నెలు కడిగాడు, నేను బోర్డులు రాస్తన్నాను’ అని ధైర్యం చెప్పుకున్నట్టు అనేవారు. 1981లో చైనా ప్రభుత్వమే పిలిచి కింగ్‌మన్ బొమ్మల ప్రదర్శన బీజింగ్‌లో పెట్టించిందని నేను చాలా ఆలస్యంగా చదివాను. వదిలి వచ్చిన చోటికి తన బొమ్మలతో వెళ్లే అదృష్టం సార్‌కు లేకపోయింది. రంగూన్‌లో ఉండిపోయిన చెల్లెలి ఉత్తరాలు ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి, అవి వచ్చిన రోజు ఆయన స్టూడియోకు వచ్చేవారు కాదు.

స్కూలు నుంచి మమ్మల్ని లేపాక్షి తీసుకెళ్లింది ఆయనే. అప్పట్లో అది మా జిల్లాయే, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. నంది దగ్గర అల్లరి చేస్తున్న మమ్మల్ని వదిలేసి ఆయన నాట్యమంటపంలో తువ్వాలు పరుచుకుని వెల్లకిలా పడుకున్నారు. కప్పు మీద విజయనగర కాలం నాటి బొమ్మలు. మమ్మల్నీ పడుకోమన్నారు. ఎరుపు, పసుపుమన్ను రంగు, నలుపు, ఆకుపచ్చ, తెలుపు, అంతే, నీలం వెతికినా దాదాపు కనపడదు. ‘సూసినారా, ఈ దేశపు మన్నే ఇది. అచ్యుతరాయల కాలంలో వీళ్లు చేసిన పనే నేనూ సేస్తన్నాను’ అన్నారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు. తిరిగొచ్చాక కొంతకాలం నీలం ట్యూబు కొనడమే మానేశారు.

ధర్మవరం నేతగాళ్లకు గ్రాఫు కాగితం మీద అంచు డిజైన్లు కూడా గీసిచ్చేవారు. ఒకసారి బర్మా పట్టులో ఉండే అలల అంచు వేసిచ్చారు. ఆ చీర ఒకటి మా అమ్మ కట్టుకునేది, ఇప్పుడు నా బీరువాలో ఉంది.

1980ల మధ్యకు కలర్ ఫొటోలు మా ఊరికీ వచ్చేశాయి. ఫొటోలకు రంగులేసే పని ఏడాదిలో మాయమైంది. తర్వాత బోర్డులు రేకుల మీద అచ్చు వేయించడం మొదలైంది. ఆయన గొడవ చేసుకోలేదు, ఉన్న పూటలన్నీ బొమ్మలకే పెట్టారు. నా లెక్కలో ఆయన మంచి బొమ్మలు ఆ కాలంలోనివే. 1988 ఆగస్టులో రంగూన్ వీధుల్లో విద్యార్థుల మీద కాల్పులు జరిగినప్పుడు పొద్దస్తమానం రేడియో దగ్గరే ఉన్నారు. కాలేజీ సెలవులకు వచ్చిన నేను వెళ్తే, కాగితం మీద పెన్సిల్‌తో వీధులు గీసి ఇక్కడ మా దుకాణం, ఇక్కడ మా గురువుగారి ఇల్లు అని చూపించారు. మరుసటి ఏడాది ఆ దేశం పేరు, ఊరి పేరు కూడా మార్చేశారు. ఆ తర్వాత ఎక్కువ కాలం లేరు. కాస్త దగ్గు, జ్వరం అన్నారు, నాలుగు రోజుల్లో పోయారు. నేను హైదరాబాద్‌లో ఉన్నాను, కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి.

ఆయనకు ప్రదర్శన అంటూ ఎక్కడా జరగలేదు. బొమ్మ అమ్మింది తక్కువ, పంచింది ఎక్కువ. పెళ్లికి బొమ్మ, గృహప్రవేశానికి బొమ్మ, డాక్టరు ఫీజుకు బొమ్మ. కాబట్టి ఉంటే అవి అనంతపురం, ధర్మవరం, గుంతకల్లు, తాడిపత్రి ఇళ్లల్లోనే ఉండాలి. పేరు రాసేవారు కాదు. కాగితం వెనక కుడిమూల పెన్సిల్‌తో చిన్న సున్నా, దాని కింద సంవత్సరం ఉంటుంది. అది బర్మా లిపిలో ఒక అక్షరం. మీ ఇంట్లో పాత పెళ్లిఫొటో రంగులద్దింది ఉంటే దాన్ని కూడా వెనక్కి తిప్పి చూడండి.

దొరికితే ఎండ తగిలే గోడ మీది నుంచి దయచేసి తీసేయండి. మన్నుతో చేసిన ఎరుపులకు ఏమీ కాదు, ట్యూబు గులాబీలూ కొన్ని పసుపులూ మాత్రం ఎండకు వెలిసిపోతాయి. లామినేషన్ చేయించొద్దు, తడిగుడ్డతో తుడవొద్దు, చుక్క నీళ్లు పడినా రంగు లేచిపోతుంది. గాజు బొమ్మకు తగలకుండా చుట్టూ అంచుల్లో అట్ట పెట్టించి, లోపలి గదిలో తగిలించుకోండి. ఒక ఫొటో తీసి, ఏ ఊరు, వెనక ఏ సంవత్సరం ఉందో కామెంట్లో రాస్తే నేను పుస్తకంలో ఎక్కించుకుంటున్నాను. ఆయన మనవరాలి దగ్గర ఒక కట్ట ఉంది, మా ఇంట్లో కొన్ని ఉన్నాయి. చెరువు కట్ట బొమ్మ ధర్మవరంలో ఒకరింట్లో పోయిన నెల దొరికింది. గుత్తి కోట బొమ్మలు మాత్రం ఇప్పటివరకు ఒక్కటీ దొరకలేదు. గుత్తి వాళ్లు కాస్త అటకలు వెతకండి.